గడియ వేసిన తలుపు

తలుపు చప్పుడైతే చాలు, ఎస్తేరు గుండె జారిపోయేది.

పాపను చంకనేసుకుని వెనక గదిలోకి పరుగెత్తేది. అక్కడినుంచే "ఎవరు?" అని అడిగేది. పాలవాడైనా సరే, కిటికీలోంచి చూసుకోకుండా గడియ తీసేది కాదు.

హైదరాబాద్‌లో పాప తలకు ఆపరేషన్ అయినప్పటినుంచీ ఇదే వరస. తలలో చేరే నీరు కడుపులోకి దిగడానికి చర్మం కింద సన్నని గొట్టం వేశారు. చెవి వెనక రేగుపండంత బుడగ పెట్టారు. దాన్ని అందరూ పంపు అనేవారు. రోజూ పొద్దున వేలితో మెల్లగా నొక్కాలి. జ్వరం రాకూడదు. వాంతి కాకూడదు. పిల్ల మరీ మగతగా పడుకోకూడదు. కొన్నాళ్లు దుమ్ములోకి, జనంలోకి తీసుకుపోకూడదు.

ఆ ఆఖరి మాటను మాత్రం ఎస్తేరు డాక్టర్లు చెప్పినదానికంటే గట్టిగా పట్టుకుంది. ఖిలా వరంగల్‌లో ఇల్లు ఖాళీ చేయించి, హనుమకొండ వైపు సుబేదారికి కాపురం మార్పించింది. అక్కడినుంచి బట్టల మిల్లుకు సైకిల్ తొక్కి తొక్కి భర్త సుందర్ రావు కాళ్లు లాగేసేవి. అయినా పాపం, రోజూ తొక్కేవాడు.

పంపు నొక్కే వేళ చూడాలి ఆమెను! చేతులు సబ్బుతో కడిగినవే కడిగేది. ప్రార్థన చేసేది. అప్పుడు వేలు పెట్టేది. బుడగ లోపలికి పోయి మళ్లీ పైకి లేచేదాకా ఊపిరి బిగబట్టేది. లేవగానే "స్తోత్రం తండ్రీ" అని గోడకు చేరగిలబడేది. పాప మాత్రం ఇదేదో ఆట అనుకుని కిలకిలా నవ్వేది.

ఇల్లు అద్దెకిచ్చిన చిలుకమ్మ ఒకరోజు బీరకాయలు తెచ్చిచ్చి, పాపను చూస్తూ కూర్చుంది.

"పుట్టంగనే తల గట్ల పెద్దగ ఉండెనా బిడ్డా?"

ఎస్తేరు వినబడనట్టు స్టవ్ దగ్గరికి వెళ్లిపోయింది.

"గింత భయమైతె ఎట్లనే? జర పిల్లను బయటికి తియ్యి. నలుగురిల తిరగనియ్యి," వెనకనుంచి అరిచింది చిలుకమ్మ.

"ఇంక పుండు మానలేదమ్మా," అంది ఎస్తేరు. మాని నెల దాటింది.

హనుమకొండ దవాఖానలో చూపించడానికి వెళ్లినా అదే తీరు. వరండా నిండా ఊళ్లనుంచి వచ్చిన తల్లులు. ఎస్తేరు పాప ముఖం మీద కొంగు కప్పి, గోడవైపు తిరిగి కూర్చుంది. ఎవరు పక్కకు వచ్చినా ఉలిక్కిపడింది.

డాక్టరమ్మ పాప తల కొలిచింది. కళ్లు చూసింది. చేతులు పట్టి నిలబెట్టింది.

"భేషుగ్గా ఉంది. ఇక భయం లేదు. అందరు పిల్లల్లాగే పెరుగుతుంది," అంది. "నీకున్నంత ఓపిక నేనెక్కడా చూడలేదమ్మా. ఇలాంటి పిల్లల్ని తెచ్చి, బతకరని ఏడ్చే వాళ్లందరికీ మీ సంగతే చెప్తున్నా. సుబేదారిలో ఎస్తేరమ్మను వెళ్లి చూడండి అని."

సుందర్ రావు కళ్లు తుడుచుకున్నాడు. ఎస్తేరు ముఖంలో నెత్తురు చుక్క లేదు.

దారిలో ఆయన జిలేబీ కొన్నాడు. "ఇగ ఏం ఫికర్ లేదు. జర నవ్వరాదే!"

"గామె అందరికి చెప్తాందట. నాకు భయమైతాంది."

సుందర్ రావు పొట్లం పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఇల్లు చేరేదాకా మళ్లీ నవ్వలేదు.

ఆ వారంలోనే పాప మంచం కోడు పట్టుకుని తనంతట తాను లేచి నిలబడింది. ఎస్తేరును చూసి "అమ్మా" అంది. ఎస్తేరు పాపను హత్తుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. "ప్రభువా, ఈ పిల్లను నాకు దక్కనియ్యి," అని వేడుకుంది. గండం గడిచి బతికి బట్టకట్టిన పిల్ల కోసం ఇంకా ఈ వేడుకోలేమిటో!

ఆదివారం ఇంట్లోనే ప్రార్థన ముగించి కూర్చున్నారో లేదో, తలుపు చప్పుడైంది.

"నేనేనే ఎస్తేరూ, తలుపు తియ్యి," అంది చిలుకమ్మ గొంతు.

ఎస్తేరు గడియ తీసింది. చిలుకమ్మ పక్కన ఎవరో బక్కపల్చటి ఆడమనిషి. కాళ్లనిండా దుమ్ము. ఆమె ఎస్తేరు వైపు చూడలేదు, లోపల మంచం పట్టుకుని నిలబడ్డ పాపనే చూస్తూ చేతులు జోడించింది.

"హైదరాబాద్ దవాఖానల, ఇగ బతకదన్న నాడు నీ ఒళ్లె పండబెట్టి పోయిన నా బిడ్డ మంచిగైందట గదా అక్కా, తోల్కపోను వచ్చిన."