గులాబీ బనీను

"అక్కా, తలుపు తియ్యండి! వేడి ఆఫీసు నుంచి వచ్చాను. రేడియేటర్లో గాలి తీసెయ్యాలి!"

ఇల్లు వెచ్చగా ఉండటానికి వేడి ఆఫీసు పంపే వేడినీళ్లు తిరిగే రేడియేటర్ వైపు చూసింది యూజన్. దాని మీద ఆరేసిన మామగారి తెల్ల బనీన్లు మూడూ గులాబీ రంగుకి తిరిగి ఉన్నాయి. ఉతకడానికి అందులోంచే బకెట్టెడు వేడినీళ్లు పట్టింది మరి. నీళ్ల దొంగల్ని పట్టుకోవడానికి ఆఫీసువాళ్లు మొన్ననే ఆ నీళ్లలో రంగు కలిపారని ఆవిడకేం తెలుసు? పట్టుబడితే చలికాలమంతా వేడి బంద్. బయట హార్బిన్ నగరం చలి, సున్నాకి పాతిక డిగ్రీల కింద. మామగారు చూస్తే ఆయాసం మనిషి.

తలుపు తీసింది. "బూట్లు విప్పండి, ఇప్పుడే తుడిచాను" అంటూ ఇంట్లో తొడిగే, పాదం మూసుకుపోయే దూది చెప్పులు అతని ముందు పడేసి లోపలికి పరిగెత్తింది. బనీన్లు పరుపు కింద కుక్కి వచ్చేసరికి, ఆ ఆఫీసు మనిషి ఫాంగ్ చెప్పులు తొడుక్కుని రేడియేటర్ కింద బేసిన్ పెడుతున్నాడు.

మర తిప్పగానే బుస్సుమంది.

"చూశారా ఎంత గాలో! మీది పై అంతస్తు కదా, అంతా ఇక్కడికే చేరుతుంది. కింద ఆరిళ్లవాళ్లూ వణికి చస్తున్నారు. ఎవరో మహానుభావులు నీళ్లు తోడేస్తున్నారక్కా. నీళ్లు పోతే గాలి చేరదూ?"

"అయ్యో, ఎంత అన్యాయం!" అంది యూజన్.

బుడబుడమని గులాబీ నీళ్లు వచ్చాయి. ఫాంగ్ మర బిగించాడు.

"దొరకనివ్వండి, ఆ ఇంటికి వేడి ఆపేస్తాం."

సరిగ్గా అప్పుడే లోపలి గదిలోంచి మామగారు కేకేశారు. "కోడలా! నా గులాబీ బనీను ఏదమ్మా? ఒళ్లు గడ్డకట్టుకుపోతోంది!"



"పెద్దాయనకి గులాబీ బనీనా?" అన్నాడు ఫాంగ్.

"ఆ... ఆయనకి... సరదా."

ఫాంగ్ దొంగల పేర్లు రాసే పుస్తకం, పెన్ను తీసి చేత పట్టుకున్నాడు. ఆవిడ వంక చూశాడు. పెన్ను జేబులో పెట్టేశాడు.

"సరదాలుండాలి అక్కా. గాలి పోయింది, ఇంక హాయిగా ఉండండి."

యూజన్ రేడియేటర్ మీద చెయ్యి వేసింది. చుర్రుమంది. హమ్మయ్య! బతికించాడు, చల్లగా ఉండాలి! అయినా అంత మాటన్నవాడు ఎందుకు వదిలేశాడో ఎంత ఆలోచించినా తెలియలేదు.

సాగనంపడానికి గుమ్మం దాకా వెళ్లింది. ఫాంగ్ గోడవైపు తిరిగి, గబగబా చెప్పులు విడిచి బూట్లలో కాళ్లు దూర్చబోయాడు.

అతని మేజోళ్లు రెండూ అచ్చం మామగారి బనీను రంగే.