ముందు గేటు

లాఠీ పట్టుకుని ఎదురుగా నిలబడ్డవాడు స్వయానా బావమరిది అయ్యేసరికి, ఫోర్‌మన్‌కు నోటిదాకా వచ్చిన నినాదం అక్కడే ఆగిపోయింది.

బావమరిది బతకకోరతాడంటారు. ఇదిగో, ఇలా కోరతాడన్నమాట!

చిన్నప్పుడే అక్క కొంగు పట్టుకుని వెంట వచ్చిన పిల్లాడు. వాడి చదువు, బట్టలు, ఆఖరికి పోలీసు పరీక్షలో పరిగెత్తిన బూట్లు కూడా ఈ కంపెనీలో చేసిన ఓవర్‌టైములోంచి వచ్చినవే. ఇప్పుడు ఆ కంపెనీ గేటు ముందే నిలబడి జనాన్ని తోస్తున్నాడు.

"ఇంటికెళ్లు బావా," అన్నాడు వాడు, పక్కనున్న అధికారికి వినపడకుండా. "ఇక్కడ ఏముందని కాపలా కాస్తావు?"

"ఏముందా? నువ్వు తిన్న తిండి ఉందిరా ఇక్కడ!"

బావమరిది చెంప ఛెళ్లుమంది. నలుగురూ చూస్తుండగానే. కానిస్టేబుల్ టోపీ సర్దుకుని తలదించుకున్నాడు. అధికారి చూసీచూడనట్టు ఊరుకున్నాడు. తప్పు వాళ్ల దగ్గరుంటే ఎవడైనా ఊరుకోక ఏం చేస్తాడని ఫోర్‌మన్ మీసం దువ్వాడు.

ప్రభుత్వానికీ కంపెనీకీ ఉప్పూ నిప్పూ అయి చాలాకాలమైంది. పన్నులు ఎగ్గొట్టారని వీళ్లు, ఇచ్చిన మాట తప్పారని వాళ్లు. పొద్దున లేస్తే టీవీలో ఒకళ్లనొకళ్లు దుమ్మెత్తిపోసుకోవడమే. చివరికి పరిశ్రమల మంత్రి బల్లగుద్ది చెప్పాడు, ఫ్యాక్టరీలో మిషన్లన్నీ జప్తు చేస్తామని.

ఆ మర్నాడే మేనేజరు కార్మికులందరినీ గేటు దగ్గరికి పిలిచాడు. ఎన్నడూ లేనిది, చేతులు జోడించాడు.

"ఈ మిషన్లు పోతే మీ బతుకులు పోతాయి. సర్కారును అడుగు పెట్టనివ్వకండి. అందరూ ఈ ముందు గేటు దగ్గరే ఉండండి, చెదిరితే బలం ఉండదు. బయట మీరు, లోపల మేము. ప్రాణం పోయినా వదలొద్దు!"

మాట అనేసి ఊరుకోలేదు. టెంటు వేయించాడు. టీలూ టిఫిన్లూ కంపెనీ ఖర్చే. పెద్ద పెద్ద మైకులు పెట్టించాడు. పగలంతా పాటలు, నినాదాలు, పక్కవాడి మాట పక్కవాడికి వినపడనంత హోరు. బోనస్ అడిగితే ఆముదం తాగిన మొహం పెట్టే మనిషి, తన చేత్తో టీ గ్లాసులు అందిస్తుంటే కార్మికుల కళ్లు చెమర్చాయి. ఇంత మంచివాణ్ణి ఇన్నాళ్లూ ఎన్ని మాటలన్నామని ఫోర్‌మన్ నొచ్చుకున్నాడు కూడా.

పోలీసులు రోజూ వచ్చేవారు. కాసేపు తోసేవారు, కాసేపు తోయించుకునేవారు, ఎండ చల్లబడగానే వెళ్లిపోయేవారు. శాంతిభద్రతల పేరు చెప్పి వెనక రోడ్డులో మాత్రం జనాన్ని తిరగనివ్వలేదు. కూరగాయలకు వెళ్లాలన్నా ఊరంతా చుట్టి రావాల్సిందే. ఇదంతా మనల్ని సతాయించడానికేనని ఆడవాళ్లు మంత్రికి శాపనార్థాలు పెట్టారు.

ఒక మధ్యాహ్నం స్నానానికని ఇంటికి వెళ్తే, వంటింట్లో అక్క పక్కన కూర్చుని కనిపించాడు బావమరిది. ఒంటిమీద యూనిఫాం లేదు. ఫోర్‌మన్‌ను చూడగానే లేచాడు.

"కూర్చో బావా. ఒక్క మాట చెప్పి పోతా."

"ముందు నా గడప దిగు."

"నీ మంచికే..."

"నా మంచి నువ్వు చెప్పాలిరా? కొట్టడానికి జీతం తీసుకుంటున్నావు, కొట్టి పో. మాటలొద్దు!"

చెప్పులు తీసి వీధిలోకి విసిరేశాడు. బావమరిది వాటిని ఏరుకుని, వేసుకోకుండానే చేత్తో పట్టుకుని వెళ్లిపోయాడు.

"వాడేం చెప్తాడో వింటే నీ సొమ్మేం పోయింది?" అంది భార్య, ఏడుపు ఆపుకుంటూ. "నిన్ను వేరేచోట పని చూసుకోమంటున్నాడు, అంతేగా!"

"చూశావా? మీ తమ్ముడు అమ్ముడుపోయాడే. నన్ను గేటు దగ్గర్నుంచి లేపడానికి వచ్చాడు."

ఆ పూట కంచం ముందునుంచి లేచిపోయాడు. ఆకలి చచ్చిపోయింది. సర్కారు మోసం చేస్తుందని అందరికీ తెలుసు, దానికి బాధేం లేదు. భుజాల మీద మోసినవాడు గుండెల మీద తంతే ఎవరితో చెప్పుకోవాలి? పాముకు పాలు పోశానని మైకు ముందు కూడా అనేశాడు. జనం చప్పట్లు కొట్టారు.

వారం తిరక్కుండా సర్కారు దిగొచ్చింది.

"కార్మికుల పట్టుదల ముందు ప్రభుత్వం తలవంచుతోంది. జప్తు ఆలోచన విరమించుకుంటున్నాం," అన్నాడు మంత్రి టీవీలో. ఓడిపోయినవాడి మొహం అలా ఉంటుందని అప్పటిదాకా ఎవరూ అనుకోలేదు. పెళ్లికొడుకులా ఉన్నాడు.

గేటు దగ్గర జనం చిందులేశారు. మేనేజరు ఫోర్‌మన్ మెడలో దండ వేసి గట్టిగా కావలించుకున్నాడు.

"ఇదంతా మీరు చేసిందే! రెండ్రోజులు విశ్రాంతి తీసుకోండి, తర్వాత కబురు పెడతాం," అని కళ్లు తుడుచుకుంటూ కారెక్కాడు.

విశ్రాంతా? సొంత లేత్ మిషన్ మొహం చూసి వారమైంది! ఫోర్‌మన్ కాళ్లు ఆగలేదు. గేటు దాటబోతూ వెనక్కి తిరిగాడు. రోడ్డు అవతల బావమరిది ఒక్కడే నిలబడి ఉన్నాడు, టోపీ చేత్తో పట్టుకుని.

"చూశావురా, గెలిచాం!" అని అరిచాడు ఫోర్‌మన్. వాడు ఇటు చూడలేకపోయాడు.

సిగ్గుంది, ఫర్వాలేదు అనుకున్నాడు. మెడలో దండ తీసి తన మిషన్‌కే వేద్దామని గబగబా నడిచి, షెడ్డు పెద్ద తలుపును భుజంతో తోశాడు.

ఈ చివర నుంచి ఆ చివరదాకా నేలలో తెగ్గోసిన బోల్టులు తప్ప షెడ్డులో ఒక్క మిషన్ లేదు, బార్లా తెరిచిన వెనక గేటు అవతల లారీ చక్రాల జాడలకు దారి వదిలి పోలీసు బారికేడ్లు బుద్ధిగా ఓ పక్కకు జరిగి ఉన్నాయి.