ధైర్యం చెప్పని మెడ బ్యాండు

ఇరవై ఏళ్ల ప్లీడరీలో ముత్యాలరావు మీద ఒక్క క్లయింటూ దావా వేయలేదు. ఆ ఘనత ఆయనది కాదు, మెడలోని తెల్ల బ్యాండుది. ప్లీడరు ఏదైనా తేల్చి చెప్పబోతే అది కుయ్యిమని గొంతు బిగిస్తుంది. విప్పితే, క్లయింట్లు దావా వేస్తే ఆదుకునే బీమా రద్దు. కాకినాడ కోర్టులో అది లేని నల్లకోటు ఇప్పుడు కనబడదు.

ఆ ఉదయం నూకాలమ్మ వచ్చింది. ఇంటిస్థలం ఆమెది కాదని తీర్పయింది. అప్పీలుకు అదే ఆఖరి రోజు.

"సంతకం పెట్టేమంటారా బాబూ? గెలుత్తామా?"

"పెట్టెయ్యమ్మా" అనబోయాడు. బ్యాండు బిగిసింది. చెయ్యి మెడ దాకా వెళ్లి, బీమా గుర్తొచ్చి దిగిపోయింది. బ్యాండు నేర్పిన ముక్కే అప్పజెప్పాడు: "పెట్టినా నష్టం ఉండవచ్చు, పెట్టకపోయినా ఉండవచ్చు. నిర్ణయం పూర్తిగా నీదేనమ్మా."

"అదేదో నాకే తెలిత్తే మీ గుమ్మం ఎందుకు తొక్కుతాను?" అని ఆమె లేచిపోయింది. గడువూ పోయింది, స్థలమూ పోయింది.

నెల తిరక్కుండా ముత్యాలరావుకి నోటీసు వచ్చింది. చెప్పాల్సిన మాట చెప్పలేదని నూకాలమ్మ దావా వేసింది. బీమావాళ్లు ఆయనకో ప్లీడరమ్మను పెట్టారు.

"నేను గెలుస్తానంటారా అమ్మా?" అన్నాడు.

ఆమె మెడలో బ్యాండు కుయ్యిమంది. "గెలవవచ్చు, గెలవకపోవచ్చు. నిర్ణయం పూర్తిగా మీదేనండి."

ముత్యాలరావు తిన్నగా కోర్టు గేటు దగ్గరి టీకొట్టుకు వెళ్లాడు. అప్పటికే అక్కడ అయిదారు నల్లకోట్లు వరసలో ఉన్నాయి. తన వంతు రాగానే గోడు వెళ్లబోసుకున్నాడు.

"మీకేం భయం లేదు బాబుగారూ, తప్పకుండా గెలుత్తారు," అన్నాడు టీకొట్టు వీర్రాజు.

వీర్రాజు మెడలో తువ్వాలు తప్ప మరేమీ లేదు.