తొమ్మిదోసారి మందు

“ఈ పల్లె గాలికి విషం పెడతాండేది నువ్వే చెంగమ్మత్తా! నువ్వూ, ఈ సెల్వం మిషనూ!”

తోపు గేటు తోసుకుని వస్తూనే అరిచింది యోగిత. కే.వి.కుప్పం దగ్గరి మామిడి రైతుల సంఘానికి ఆమే పెద్ద. లోపల సెల్వం మోటారు స్ప్రేయరు గొట్టం పట్టుకుని చెట్లకు కొడుతున్నాడు. చెంగమ్మ కొట్టం ముందర పొయ్యి మీద సంగటి కెలుకుతోంది.

“పూత మొదలైనప్పట్నుంచి ఇది తొమ్మిదోసారి! మేమంతా రెండుసార్లతో ఆపేసినాం. చెట్టు కింద తెల్ల గుడ్డ పరిచి, పూగుత్తిని తట్టి, రాలిన తేనెమంచు పురుగుల్ని లెక్కబెట్టమని నీకు నేర్పించింది నేనే కదా? గుత్తికి అయిదు లేకుంటే మందు జోలికి పోవద్దంటిని. లెక్కబెట్టినావా?”

“పెట్టినా.”

“ఎన్ని రాలె?”

చెంగమ్మ తల వంచుకుని సంగటి కెలుకుతూనే ఉంది. యోగిత కొట్టం చూరు వంక చూసింది. రెండు ఖాళీ మందు సీసాలు దోపి ఉన్నాయి.

“మిగతా సీసాలు యాడ దాచినావు?”

“సంగటి తిందువు రా పాపా.”

“నీ సంగటి ఎవరిక్కావాల! సాలెపురుగులు, చీమలు చస్తే ఆ పురుగును తినేది ఎవరు? రేపు మా తోపుల మీద పడతాది. చెప్తుండా, ఇట్లే కొట్టిస్తే సంఘం లారీలో నీ కాయలు ఎక్కవు.”

“ఎక్కకుంటే పోనీలే.”

ఏడాదికొక్క పంట. లారీ ఎక్కకపోతే చెట్టు కిందే కుళ్ళుతాయి. అది తెలిసే అంది చెంగమ్మ. యోగిత విసవిసా గేటు దాటింది.

సెల్వం మోటారు ఆపి, చెయ్యి గోక్కుంటూ వచ్చాడు. “ఏమ్మా, మీ ఎర్రచీమలకు బుద్ధి లేదా? ఇంత మందు కొట్టినా కరస్తానే ఉండాయి.”

“కొత్త రకం మందు నాయనా. వాసన గూడా రాదు. అందుకే నువ్వొచ్చేలోపల నేనే డ్రమ్ములో కలిపి పెడతా. చెయ్యి కడుక్కో, సాపాడు చల్లారిపోతాది.”

రెండు తట్టల్లో సంగటి పెట్టింది. కూతురి దగ్గు తగ్గిందా, గుడియాత్తంలో నీ పెండ్లాం మగ్గం ఆడుతుండాదా, ఆంబూరులో వాన పడిందంటనే? అన్నీ ఒక్క గుక్కలో అడిగింది. అతను ఒక్కొక్కటే నిదానంగా చెప్పాడు. మొగుడు దేవరాజులు పోయి రెండేళ్ళు. పోయిన సోమవారం సెల్వం వెళ్ళాక ఈ కొట్టం ముందు కూర్చుని మాట్లాడిన మనిషి మళ్ళీ సెల్వమే.

“కాయ గోలీ అంత అయిందమ్మా. ఇంక మందు చాలునా?”

“యాడ చాలు! సోమవారం రా.”

“సరిమ్మా.”

రోడ్డు మీద యోగిత అతని బండికి అడ్డం నిలబడింది. “కూలి కోసం ముసిల్దాన్ని ముంచుతావా? సోమవారం ఈ గేటు తొక్కితే నీ మిషను పగలగొడతా!”

“రెండోసారి తర్వాత కూలి తీసుకోలేదక్కా. సంగటి తిని పోతుండా.”

“మరి ఎందుకొస్తావు?”

సెల్వం వెనక్కి చూశాడు. గేటు దగ్గర చెంగమ్మ కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని ఇంకా చూస్తోంది. ఆమెకు చెయ్యి ఊపి, గొంతు తగ్గించాడు.

“కాయలు పరీక్ష చేయించి లారీకెక్కించు. సోమవారం నన్ను ఆపొద్దు. ఇంకొకటక్కా...

డ్రమ్ములో ఉత్త నీళ్ళేనని నాకు తెలిసిన సంగతి ఆయమ్మకు చెప్పొద్దు.”