పదకొండు వరహాలు

ఆ రోజు శుక్రవారం. తెల్లారకుండానే తలంటుకుని, కుందులు తోముకుని, పూజ కూడా ముగించుకున్న మహాలక్ష్మమ్మ పదకొండు బంగారు వరహాలూ ఇత్తడి పళ్లెంలో పోసి షరాబు ముందు పెట్టింది.

నాణేలు పరీక్ష చేసే ఆ షరాబు పేరు చిట్టియ్య. రాజమండ్రి నుంచి కాలవ పడవెక్కి కడియం రేవులో దిగాడు. రాజమండ్రిలో ఒక దొరగారు పాత నాణేలు పోగుచేస్తున్నారట. బొమ్మ చెక్కుచెదరకుండా ఉంటే ఒకటో రకం కింద కట్టి, బంగారం ధరకి పదింతలు ఇస్తారట.

ఈ వరహాలు ఆవిడ మామగారు ఊరూరా తిరిగి ఏరి దాచినవి. ఆయన పోయాక పన్నెండేళ్లుగా దేవుడి మందసంలోనే ఉన్నాయి. మొన్న అటక దులుపుతుంటే ఆయన రాసుకున్న తాటాకు దొరికింది. ఏ నాణెం మీద ఏ బొమ్మ ఉందో, ఎన్ని గురివింద గింజల ఎత్తు తూగిందో అన్నీ అందులో ఉన్నాయి. అవి అంత అపురూపమైనవని అప్పటిదాకా ఎవరికి తెలుసు!

"ఎలా మెరిసిపోతున్నాయో చూశారా?" అంది మహాలక్ష్మమ్మ గర్వంగా.

చిట్టియ్య ఒక నాణెం తీసి భూతద్దం కింద అటూ ఇటూ తిప్పాడు. త్రాసులో గింజలు వేసి తూచి, తాటాకుతో సరిచూశాడు. మొహం చిట్లించాడు.

"అదేనండి. మరీ మెరుస్తున్నాయి. నిన్నగాక మొన్న పోతపోసినట్టున్నాయి. తాటాకులో వరాహమూర్తి బొమ్మ కోరలతో సహా ఉందని రాశారు. ఏదండీ ఇక్కడ? ఉత్త బుడిపి! ఇరవై ఎనిమిది గింజలన్నారు. ఇరవై ఆరే తూగింది."

పదకొండూ అంతే.

ఇంకేముంది! ఎవరో మార్చేశారు. ఎవరు? ఆవిడ చూపు తిన్నగా వంటింటి గుమ్మంలో ఉన్న కోడలు పాపాయి మీదికి పోయింది. ఐదో నెల కడుపు. ముక్కున కొత్త ముక్కుపుడక.

"ఆ బంగారం ఎక్కడిదే?"

"మా అన్నయ్య చేయించాడండి, అత్తయ్యగారూ."

"మీ అన్నయ్యా? పూటకి ఠికాణా లేనివాడు!" మహాలక్ష్మమ్మ లేచి నిలబడింది. "షరాబుగారూ, మీరే సాక్షి. ఈ పని చేసినవాళ్లు ఈ పూటే నా గడప దాటాలి. అన్నవరం సత్యదేవుడి మీద ఒట్టు!"

పాపాయి ఏడుస్తూ లోపలికి పోయి బట్టలు మూట కట్టుకుంది.

చిట్టియ్య మాత్రం భూతద్దం దించలేదు. గీటురాయి మీద ఒక్కో నాణెమూ గీసి చూశాడు.

"తొందరపడకండి, అమ్మగారూ. పాత బంగారమే ఇది. ఎవరూ మార్చలేదు."

"అయితే ఆకురాయి పెట్టి అరగదీసింది! ఆ పొడితోనే ముక్కుపుడక! తాళం నా బొడ్డునే ఉంటుంది, నేను తప్ప ఎవర్నీ ముట్టుకోనివ్వను. ఎప్పుడు తీసిందో మాయలాడి!"

"ఆకురాయికి గీతలు పడతాయండి. ఇవి నున్నగా అరిగాయి. ఒకనాటి పని కాదు, ఏళ్ల తరబడి చేసిన పని."

అంటూనే సూదిమొనతో నాణెం అంచున ఇరుక్కున్న ఎర్రటి పొడి గీకి, బొటనవేలి గోరు మీద వేసుకున్నాడు. నలిపాడు. వాసన చూశాడు.

"ఇటుకపొడి! చింతపండు కూడానూ. అమ్మగారూ, కుందులు తోమినట్టు వీటిని వారం వారం తోమేదెవరండీ?"

గుమ్మంలో మూట పట్టుకుని నిలబడ్డ కోడలి వంక చూడలేక, మహాలక్ష్మమ్మ పొద్దుటి ఇటుకపొడి ఇంకా గోళ్లలో మిగిలి ఉన్న తన కుడిచేతిని మెల్లగా పైటచెంగులో దాచుకుంది.