ఛాంపియన్ గారి ఫౌల్

"మళ్ళీ కావాలనే గురి తప్పించావు కదూ, సెరీనా!" మంజూష గొంతు తగ్గించి కసిరింది.

పంజాగుట్టలోని క్లబ్బు లాన్‌లో క్రోకే ఫైనల్. మ్యాలెట్ అనే పొడుగు కర్ర సుత్తితో బంతిని కొట్టి, నేలలో పాతిన చిన్న ఇనుప గేట్లలోంచి దూర్చే ఆట. చివరి ఇనుప గేటులోంచి ఎవరి బంతి ముందు దూరితే వాళ్ళదే కప్పు. మంజూష మూడేళ్ళుగా ఛాంపియన్, క్లబ్బు ప్రెసిడెంటు కూతురు. సెరీనా అదే క్లబ్బు తోటమాలి ఏసోబు కూతురు.

"మెల్లగ మేడమ్. మీ డాడీ వింటరు."

"అంటే, మూడు కప్పులూ నువ్విచ్చినవేనా?"

"మేముండే క్వార్టర్ క్లబ్బుదే గద. మీరు ఓడినరని సారుకు కోపమొచ్చి ఎల్లగొడితే, అమీర్‌పేట అద్దెలు మా నాయిన జీతంతోని అయితయా?"

మంజూష మొహం మాడిపోయింది. తన వంతు రాగానే మ్యాలెట్‌తో బంతిని కొట్టింది. అది గేటులో దూరింది. చప్పట్లు మోగుతుంటే చెయ్యెత్తి, "ఫౌల్! ఒక్క దెబ్బలో నా మ్యాలెట్ బంతికి రెండుసార్లు తగిలింది" అంది.

పచ్చి అబద్ధం. కానీ ఈ ఆటలో తన ఫౌల్ తానే ఒప్పుకుంటే అంపైరు కూడా కాదనడు. ఆమె బంతిని వెనక్కి పెట్టించి సెరీనాను పిలిచాడు.

సెరీనా బంతి గేటుకు జానెడు దూరంలో ఉంది. ఇక్కణ్ణుంచి తప్పిస్తే దొంగాట అందరికీ తెలిసిపోతుంది. కొడితే గూడు పోతుంది.

"ధైర్యంగా కొట్టు. నీ ఆట నువ్వాడు" అంది మంజూష, గొప్ప న్యాయం చేసినట్టు వెలిగిపోతూ.

సెరీనాకు ఒళ్ళు మండింది.

"కొడత మేడమ్. మీ ఇంట్ల ఒక రూం ఖాళీ చేయించుండ్రి. అమ్మా నాయినను తీస్కొని రేపే వస్త."

మంజూష నవ్వు ఆరిపోయింది. "ఆగు సెరీనా..." అంటూ చెయ్యి చాపింది.

అప్పటికే బంతి గేటు దాటింది.