రెండో తువ్వాలు

సముద్రం ఒడ్డు హోటల్లో గదులు శుభ్రం చేయడం నా పని. మూలగదిలో విదేశం నుంచి వచ్చిన ఒక తెలుగావిడ దిగింది. గది మాత్రం మొగుడూపెళ్లాలిద్దరి పేరు మీదా ఉంది.

ఆయన నా కంటపడలేదు. "సారేరమ్మా?" అంటే రోజూ ఒకటే మాట.

"ఊరు చూడ్డానికెళ్లారు. ఆయనకి పాత వీధులు, మ్యూజియాలు కావాలి. నాకేమో సముద్రం. పదేళ్లు పోట్లాడుకుని, చివరికి సగం అదీ సగం ఇదీ అని రాజీపడ్డాం."

ఆఖరి రోజు నన్ను చూడగానే చెప్పింది. "ఇవాళ ఆయన్ని కూడా సముద్రానికి లాక్కెళ్లాను."

స్నానాలగదిలో రెండు తువ్వాళ్లూ తడిగా ఉన్నాయి. ఒకదాని నిండా ఇసుక. రెండోదానికి ఒక్క రేణువూ లేదు. కొళాయి కింద తడిపిందే. అప్పుడు గుర్తొచ్చింది, ఈ వారంలో రెండో దిండు ఒక్కనాడూ నలగలేదు.

ఆవిడ గుమ్మంలో నిలబడి నన్నే చూస్తోంది.

ఇసుక లేని ఆ రెండో తువ్వాలునే బాల్కనీలోకి తీసుకెళ్లి గట్టిగా దులిపాను. "సారు ఎంత ఇసుక మోసుకొచ్చారమ్మా! ఊడ్వలేక నా నడుం పడిపోతోంది" అని విసుక్కున్నాను.

ఆవిడ నవ్వబోయి, కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"ఆయనంతే. కాళ్లు దులుపుకుని లోపలికి రమ్మంటే, బతికున్నన్నాళ్లూ ఒక్కసారీ వినలేదు."